వైరుబుట్టలో దొరసాని

మొన్న మా పై వాటా అమ్మాయి తన పిల్లికి సూది వేయించడానికి పోతూ, "ఆంటీ, ఖాళీగానే ఉన్నారు కదా, తోడు రండి" అని నన్ను ఆటో ఎక్కించింది. నేను ఖాళీగా ఉన్నానని ఈ వీధిలో అందరికీ ఎట్లా తెలుస్తుందో గానీ, తెలుస్తుంది. పిల్లి ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. ఆ పెట్టెకు ఒక తలుపు, రెండు వైపులా కిటికీలు. పల్లె వదిలి వచ్చి అనంతపురంలో నేను కాపురం పెట్టిన మొదటి ఇంటికి అన్ని కిటికీలు లేవు. ఆసుపత్రిలో ఫ్యాను కింద కుర్చీల్లో జనం కుక్కల్నీ పిల్లుల్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వాటి తిండి, నిద్ర, విరేచనాల సంగతులు పక్కవాళ్లకు వినపడేట్టు మాట్లాడుకుంటున్నారు. కౌంటరు దగ్గరి మనిషి "ఈ పిల్లి ఎవరిదండీ?" అని అడిగాడు. అమ్మాయి ఫోనులో ఉంది. నేను "మాదే" అని చెప్పొచ్చు కదా, చెప్పలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచుకుని, పెట్టెను కాలితో కుర్చీ కిందికి నెట్టాను. అమ్మాయి చూసి నవ్వింది. "అదేంటాంటీ, దొంగసొత్తు దాచినట్టు దాస్తున్నారు?" అంది. నేనూ నవ్వేశాను. ఆసుపత్రిలో పిల్లిని దాచుకోవడం నాకు పాత అలవాటని ఆ పిల్లకు ఏం చెప్పను?

మా అత్తవారిది తనకల్లు పక్కన ఒక చిన్న పల్లె. తొంభైల చివర్లో నేను ఆ ఇంటికి కోడలిగా పోయాను. మట్టి మిద్దె, ముందు వసారా, పక్కన ఎద్దుల కొట్టం, వెనక ఒక చీకటి గది. ఆ గది నిండా విత్తనానికి దాచిన చెనిక్కాయ, అదే వేరుశనగ మూటలు. వాన పడిన రోజు చేతిలో విత్తనం లేకపోతే ఆ ఏటికి ఆ ఇల్లు కూర్చున్నట్టే, అందుకని ఆ మూటల్ని పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాళ్లు. ఆ సంగతి ఎలుకలకు కూడా బాగా తెలుసు. కాబట్టి ఇంట్లో ఒక పిల్లి. దాన్ని ముద్దుకు పెంచలేదు, పనికి పెట్టుకున్నారు. తిండి పెడితే ఎలుకలు పట్టదని మా మామ గట్టి నమ్మకం. నేను పోయేసరికి ఆ పిల్లి చారలు, ఎముకలు తప్ప ఇంకేం లేకుండా ఉంది. ఒక చెవి చిరిగి ఉంది. అయినా నడక మాత్రం ఆ ఊరంతా తన మాన్యమే అన్నట్టు నడిచేది. మామ దానికి "దొరసాని" అని ఎకసెక్కంగా పేరు పెట్టాడు.

నేను పుట్టింట్లో పిల్లుల మధ్య పెరిగినదాన్ని. ఎవరూ చూడకుండా సంగటి ముద్దలో ఇన్ని పాలు కలిపి పెట్టేదాన్ని. గుడ్డు ఉడికిన రోజు నా సగం దానిది. ఎండాకాలం బండలు కాలిపోతుంటే, నీడ తిరిగిన వైపుకల్లా నీళ్ల మూకుడు జరిపేదాన్ని. పగిలిన కుండలో ఇసుక పోసి మూలకు పెట్టి, అది ఎందుకో దానికి తెలిసేదాకా ఓపిక పట్టాను. కడుపు నిండిన దొరసాని ఎలుకల్ని పట్టడం మానలేదు సరికదా, పట్టినదాన్ని తెచ్చి మామ చెప్పుల పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆ మర్యాద ఆయనకు నచ్చలేదు.

ఇక్కడ మా అత్తవారి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ ఇళ్లలో మామ కోడలితో ముఖాముఖి మాట్లాడడు. అది గౌరవం. చెప్పాల్సింది అత్తతో చెప్తాడు, ఆమె మనకు చెప్తుంది. మా అత్త ఎప్పుడూ ఎద్దుల దగ్గరే ఉండేది కాబట్టి మామ పిల్లికి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. కంచం ముందు కూర్చుని, "ఏమే దొరసానీ, ఈ పొద్దు పప్పులో ఉప్పు ఏసేది మరిసినట్లుండారే" అనేవాడు. నేను తలుపు వెనక నుంచి, "దొరసానీ, ఉప్పు ఆ పక్కనే ఉండాది, ఏసుకోమని చెప్పు" అనేదాన్ని. "దొరసాని బాగా బలిసినాది. ఎవురో దొంగతనంగా మేపుతాండారు." "దొరసానీ, నీ కష్టంతోనే బలిసినానని చెప్పు." అత్త కొట్టంలోంచి వింటూ, "మీ ఇద్దరి మద్దెన ఆ మూగజీవానికి తల తిరుగుతాది" అని నవ్వేది. మామ గొంతు నాకు అట్లా పిల్లి ద్వారానే తెలుసు, నా గొంతు ఆయనకూ అంతే. ఇద్దరికీ బాగానే జరిగిపోయింది.

రెండువేలు దాటాక వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వరుసగా. చల్లిన విత్తనం మట్టిలోనే మాడిపోయింది. మళ్లీ చల్లితే మళ్లీ అంతే. వెనక గది ఖాళీ అయింది, ఎలుకలు కూడా ఊరు మారాయి. మా ఆయన బెంగళూరుకు మేస్త్రీ పనికి పోయాడు. జత ఎద్దుల్లో ఒకటి రోగమొచ్చి పోగా, ఎర్రగోధుమ రంగు పుల్లెద్దు ఒకటి మిగిలింది. ఒంటెద్దుకు పొలంలో పని లేదు, పని లేకపోయినా ఆకలి ఉంటుంది. అత్త దాన్ని దూడప్పటి నుంచి చేతులతో పెంచింది. ట్యాంకరు నీళ్లకు బిందె పట్టుకుని నిలబడి, తెచ్చిన దాంట్లో తాను తాగేది తగ్గించుకుని దాని తొట్టిలో పోసేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, సంగటి అడుగు, అన్నీ ఆ తొట్టిలోకే. మెడ ఎముకలు తేలిన ఆ ఎద్దు ముందు నుంచి నేను పిల్లి మూకుడు పట్టుకుని పోవాల్సి వచ్చేది. మూకుడును కొంగులో దాచుకునేదాన్ని. పెట్టడం మానేస్తే సరిపోయేది, అదీ చేతకాలేదు. ఆ ఏడాదంతా నేను సిగ్గుతోనే పిల్లిని సాకాను.

అట్లాంటి రోజుల్లో దొరసానిని కుక్క కరిచింది. వెనక కాలు వాచి, చీము పట్టి, పురుగులు పడ్డాయి. అత్త జాలిపడి, తనకు తెలిసిన వైద్యంగా కిరసనాయిలు పోసి పసుపు అద్దింది. పిల్లి దాన్ని నాక్కుని, మర్నాటికి నీళ్లు కూడా ముట్టలేదు. అదే పొద్దున మామ పుల్లెద్దు పగ్గం పట్టుకుని వసారా ముందు నిలబడి అత్తతో, "దీని కాలు సరింగా లేదు. తనకల్లు పశువుల ఆసుపత్రికి తోలుకపోతా. కావాలంటే నాలుగు దినాలు ఆడనే పెట్టుకుంటారంట" అన్నాడు. అత్త దాని గంగడోలు నిమిరి, చేతిలో సంగటి ముద్ద తినిపించి, "సూది ఏసేటప్పుడు నువ్వు దాని కాడనే ఉండు. నువ్వు ముందర లేకుంటే అది అడుగెయ్యదు" అంది.

పిల్లిని కూడా ఆ ఆసుపత్రికే తీసుకుపోవాలి. రేపటిదాకా అది ఆగదు. మామ కళ్లబడితే? ఎద్దును పట్టుకుని నిలబడిన మనిషి ముందుకు కోడలు పిల్లిని ఎత్తుకుని పోతే? లెక్క వేసుకున్నాను. ఆయన నడిచి పోతున్నాడు, ఎండ ముదరకముందే పని ముగించుకుంటాడు. నేను మధ్యాహ్నం బస్సుకు పోతే సరి. వైరుబుట్టలో పాత చీర పరిచి, దొరసానిని పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి, జాకెట్టు కుట్టించుకోవడానికి పోతున్నానని అత్తతో చెప్పాను. "ఈ కరువులో జాకెట్టా?" అంది అత్త.

ఆసుపత్రి ముందు వేపచెట్టు కింద జనం, గేదెలు, మేకలు. మామ లేడు. బతికాననుకుని ఒక మూల నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన, "ఏముండాదమ్మా బుట్టలో, కోడిపిల్లలా?" అని అడిగాడు. ఊఁ అన్నాను. సరిగ్గా అప్పుడే దొరసాని అరిచింది. చెట్టు కింద ఒక్కసారిగా నవ్వులు లేచాయి. లేవలేని గేదె తోక పట్టుకుని నిలబడిన ఒకతను మాత్రం నవ్వలేదు. "మా ఎనుము లేసి నిలబడేకి లేదు, ఈ యమ్మ పిల్లిని బుట్టలో మోసుకొచ్చినాది. ఏం కాలమప్పా ఇది" అన్నాడు. అందులో తప్పేముంది? అతని చోట నేనుంటే అంతకన్నా ఎక్కువే అనేదాన్ని. వెళ్లిపోదామని బుట్ట ఎత్తాను కూడా. తువ్వాలు కింద నా వేళ్లకు దాని ముక్కు తగిలింది, ఎండిన ఆకులా ఉంది. మళ్లీ కింద పెట్టి, నా వంతు వచ్చేదాకా నేల చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు నవ్వలేదు, తిట్టాడు. పిల్లి ఒంటికి ఏది పూసినా నాలుకతో కడుపులోకి పంపుకుంటుందని, కిరసనాయిలు దానికి విషమని చెప్పాడు. పుండు కడిగి, పురుగులు తీసి, సూది వేసి, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పొద్దునా సాయంత్రం కడగమన్నాడు. మానేదాకా బయటికి వదలొద్దన్నాడు. నేను బుట్ట సర్దుకుంటూ, మామ వెళ్లిపోయాడో లేదో తెలుసుకుందామని, "పుల్లెద్దును తోలుకొచ్చిన పెద్దాయన వచ్చి పోయినాడా సార్?" అని అడిగాను. "ఈ పొద్దు ఎద్దులేవీ రాలేదమ్మా" అన్నాడు డాక్టరు. కిటికీలోంచి గోడవతలి బయలు వైపు చూసి, "ఎద్దులన్నీ ఆ పక్కకు పోతాండాయి" అన్నాడు.

బుట్టతో గోడ పక్కకు పోయి చూస్తే, ఆ బయల్లో ఒక లారీ నిలబడి ఉంది. కబేళాకు పశువుల్ని ఎక్కించే లారీ. పుల్లెద్దు దాని వెనక వాల్చిన పలక దగ్గర నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. బేరగాళ్లు తోక మెలిపెట్టారు, కర్రతో పొడిచారు. కదల్లేదు. మామ కాసేపు చూశాడు. తర్వాత వాళ్లను పక్కకు తప్పుకోమని, పగ్గం తాను తీసుకుని, ముందుగా తానే ఆ పలక మీద నడిచి లారీలోకి ఎక్కాడు. ఎద్దు ఆయన వెనకే ఎక్కింది, రోజూ పొలానికి పోయినట్టే. లోపల దాని మెడ నుంచి పగ్గం విప్పుకుని, పక్కచెక్క పట్టుకుని మామ ఒక్కడూ దిగాడు. దిగి తిరిగేసరికి గోడ పక్కన బుట్టతో నేను.

బస్సు దగ్గర మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. బుట్టలోంచి దొరసాని సన్నగా మూలిగింది. ఏదో ఒకటి దానితో అంటాడని నేను చూస్తున్నాను. ఆయన పిల్లి వైపు చూడకుండా నా ముఖంలోకి చూశాడు. కాపురానికి వచ్చాక అదే మొదటిసారి.

"ఏమన్న్యాడమ్మా డాక్టరు?"

"బతుకుతాదంట మామా."

"బతకనీ" అన్నాడు. ఎద్దును అమ్మినవాడు పగ్గం ఇవ్వడు, ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ పగ్గాన్ని చుట్టగా చుట్టి, బుట్టలో పిల్లి పక్కన పెట్టి, తువ్వాలు మళ్లీ కప్పాడు. "మీ అత్తకు మాత్రం చెప్పాకు" అన్నాడు. బస్సులో బుట్టను తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. కండక్టరు ఏముందని అడిగితే, పిల్లి అని గట్టిగా చెప్పాడు.

ఇంట్లో అత్త వాకిట్లోనే ఉంది. ఎద్దు ఆసుపత్రిలోనే ఉందని మామ చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. అత్త బుట్ట చూసింది. జాకెట్టు మాట ఎత్తలేదు. "నువ్వూ ఆడికే పోయినావా? చూసినావా దాన్ని? గడ్డి ఏసినారా?" అని ఆశగా అడిగింది. నేను "ఏసినారత్తా" అన్నాను. అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఆ మాట.

ఆ రోజు నుంచి పుండు కడిగేటప్పుడు మామే దొరసానిని కదలకుండా పట్టుకునేవాడు. గోళ్లతో రక్కినా వదిలేవాడు కాదు. వాపు తగ్గింది, నీళ్లు తాగింది, మూడు కాళ్లతో గెంతింది. అది కోలుకునేకొద్దీ అత్త ముఖం విచ్చుకుంది. ఇంటికి ఎవరొచ్చినా పిల్లిని ఎత్తి కాలు చూపించేది. "పిల్లికే ఇంత బాగ చేసినారే, మా ఎద్దుకు చెయ్యరా? కొంచెం ఆలీసమైనా బాగయ్యే వస్తాది." దొరసాని నాలుగో కాలు నేల మీద పెట్టి నడిచిన పొద్దున అత్త చీర ఎగ్గట్టి, కొట్టంలోకి పోయి, ఎద్దు తొట్టిని పీచుతో తోమి కడిగి, కుడితి పోసి పెట్టింది. మామ వసారాలోంచి లేచి బయటికి పోయాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని, పిల్లి చచ్చిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఎంత ప్రాణం పెట్టి బతికించుకున్నానో దాన్ని, ఆ పొద్దున అది నడవడం చూడలేకపోయాను.

అత్తకు ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఒక పొద్దున లేచేసరికి తొట్టి బోర్లించి ఉంది. ఆమె మళ్లీ ఎద్దు మాట ఎత్తలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేదాన్ని. పిల్లికి పాలు కలిపే పని తానే తీసుకుని రోజూ వేళకు పెట్టేది. దొరసాని ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. అది ఆ కాలితో చక్కగా నడిచి వాకిలి దాటిన ప్రతిసారీ మేం ముగ్గురం తలో వైపు చూసేవాళ్లం. ఇప్పుడు అది లేదు, మామ లేడు, అత్తా లేదు. ఇన్నేళ్లకు, పక్కకు తిప్పుకోవడానికి నా ముఖం ఒక్కటే మిగిలింది.