ఇరవై మూడో పేరు

గోపాల్‌పేట నుంచి వనపర్తికి వచ్చాక, ఏ సంఘంలో చేరాలో తేల్చుకోవడానికి ఒక్కో చర్చికి నాలుగేసి ఆదివారాలు వెళ్లాను. ఈ వయసులోనూ నాకు చేసేందుకు ఒక పని కావాలి. మొదటి రెండు చోట్ల కుర్చీ వేసి, "కూసోండ్రి పెద్దమ్మా" అన్నారే తప్ప పని చెప్పలేదు.

మూడోది రేకుల షెడ్డు. అక్కడ పాస్టరు ప్రతి వారం, కూలిపనికి బొంబాయి, బెంగళూరు పోయిన సంఘస్తుల పేర్లన్నీ కాగితం లేకుండా చెప్పి ప్రార్థించేవారు. నేను వేళ్లమీద లెక్కపెట్టేదాన్ని. మూడో ఆదివారం ఇరవై మూడు. నాలుగో ఆదివారం ఇరవై రెండే వచ్చాయి. ఆమెన్ అనకముందే లేచి చెప్పాను.

పాస్టరు నొచ్చుకోలేదు. "ఆగుండ్రి, ఎవరిని మర్సిన?" అని అందరినీ అడిగారు.

"మా పిల్లనయ్యా," అంది వెనక నుంచి ఒక తల్లి. "ప్రార్థన నడుమ ఏం జెప్త అని ఊకున్న."

ఆయన ఆమె దగ్గరికి నడిచివెళ్లి, "తప్పు నాదే అక్కా" అని, ఆ పిల్ల పేరుతో ప్రార్థన మళ్లీ మొదలుపెట్టారు. అందరి ముందూ అలా తప్పు ఒప్పుకున్న బోధకుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత నావైపు తిరిగి, "పెద్దమ్మా, గీ పేర్లు ఇగ మీరే సదవాలె," అన్నారు.

"అయితే ఇగ ఒక్కరు గూడ తప్పిపోరు," అని పక్కామె నవ్వింది.

ఆ రోజే చేరాను. ఇప్పుడు ఇరవై ఆరు పేర్లు. నేను మాత్రం కాగితం చూసే చదువుతాను.