పడవ కట్టుకోవడానికి ఒక చోటు

ఖతర్‌లోని దుఖాన్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మావారు అద్దె ఇల్లు వెతకలేదు. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక తెల్ల ఇంజనీరు దగ్గర పాత తెరచాప పడవ కొన్నారు. ఎన్నేళ్ళ నుంచో ఆయన మనసులో ఉన్న కోరిక అది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహాను తవ్వి పోస్తున్న కాలం. ఎటు చూసినా క్రేన్లు, దుమ్ము.

"ఉండేది ఇద్దరమే కదా, ఇంటికి బదులు పడవ చాల్లే," అన్నారు. మాకు పిల్లలు లేరు. సామాన్లు సర్దడం మొదలుపెట్టాను.

ఆయనది సముద్రంలో చమురు రిగ్గు మీద ఉద్యోగం. ఒక నెల అక్కడ, ఒక నెల నా దగ్గర. పడవను తాత్కాలికంగా ఎక్కడో కట్టించి, ఇంకా నెల గడువున్న క్వార్టర్లో నన్ను ఉంచి, డ్యూటీకి బయల్దేరుతూ నాకో పని అప్పజెప్పారు.

"నేను వచ్చేలోపు పడవ కట్టుకోవడానికి మంచి మెరీనా చూసిపెట్టు. నీళ్ళ లోతు ఎంతో అడుగు. గాలి ఎటు నుంచి కొడుతుందో చూడు. కరెంటు, మంచినీళ్ళు జెట్టీ మీదే ఉండాలి."

"మీరొచ్చాక ఇద్దరం చూద్దాం లెండి."

"నాకంటే ఎక్కువ రోజులు ఉండేది నువ్వే. నీకు నచ్చితే చాలు."

ప్రేమగానే అన్నారు. ఆయన వెళ్ళాక ఆ మాటే పదే పదే గుర్తొచ్చింది.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు కారు మాట్లాడుకుని బయల్దేరాను. మొదట దోహా నగరం నడిమధ్యనున్న మెరీనాకు వెళ్ళాం. చుట్టూ అద్దాల మేడలు, కింద తెల్లటి పడవలు. ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ అన్నీ వివరించింది. లోతుంది, కరెంటుంది, బాత్రూములు మా క్వార్టర్లో కంటే బాగున్నాయి. జెట్టీ చివరిదాకా నడిచాను. ఒక్క పడవలోనూ మనిషి లేడు. సెలవు రోజు శుక్రవారం యజమానులు వస్తారట, సాయంత్రానికి వెళ్ళిపోతారట.

తిరిగొచ్చి కారెక్కితే డ్రైవరు అద్దంలోంచి నా ముఖం చూశాడు.

"నచ్చలేదా మేడం?"

"బాగానే ఉందండీ."

"బాగనే ఉంటది. లైట్లున్నయ్ గని మనుషులే లేరు," అన్నాడు.

మరుసటి రోజు మదీనత్ అల్ షమాల్ అనే ఊరు దాటి దేశం ఉత్తరపు కొసకు వెళ్ళాం. అది చేపల రేవు. చెక్క పడవల మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఎండుచేపల వాసన తగలగానే మా కాకినాడ గుర్తొచ్చి, అక్కడే ఉండిపోదామా అనిపించింది. కానీ రేవంతా మగవాళ్ళే. నన్ను చూసి మర్యాదగా పక్కకు తప్పుకుని, మాటలు ఆపేశారు. ఆడవాళ్ళకు స్నానాలగది లేదు. నేనుంటే వాళ్ళూ మాట్లాడుకోరని అర్థమై తిరిగొచ్చేశాను.

మూడోది ఒక హోటలు వెనకనున్న పాత మెరీనా. పక్కనే ఏవో పెద్ద కట్టడాలు లేస్తున్నాయి. భూమిలోకి దిమ్మెలు దిగ్గొట్టే యంత్రం చప్పుడుకు నీళ్ళు కూడా అదురుతున్నాయి. చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుంటే వాచ్‌మన్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తెలుగోళ్ళా అమ్మా మీరు?"

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. అంతకుముందు దోహాలోనే అల్ తుమామాలో స్టేడియం కడుతుంటే అక్కడ పనిచేశాడట.

"ఇంటికాడ అందరు నేను దుబాయ్ల ఉన్ననే అంటరు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే," అని నవ్వాడు.

ఆ రోజే అక్కడ చోటు ఖాయం చేశాను. మావారు ఫోన్ చేస్తే లోతు, గాలి, కరెంటు సంగతులన్నీ చెప్పాను.

"పక్కన పని జరుగుతోందంటున్నావు. చప్పుడు ఉంటుందేమో?"

"కొంచెం ఉంటుంది," అన్నాను. ఆ చప్పుడు కోసమే ఒప్పుకున్నానని చెప్పలేదు.

ఆయన లేని నెలల్లో పొద్దున్నే కూలీల బస్సులు వచ్చేవి. ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరిచేవారు. పడవతో పాటే ఊగే చిన్న స్టవ్వు మీద పప్పు ఉడికిస్తూ, కట్టడాల ప్రహరీ గోడ అవతల హిందీ, నేపాలీ, మధ్యలో ఎప్పుడైనా ఒక తెలుగు తిట్టు వినేదాన్ని. సాయంత్రం వాచ్‌మన్ "తిన్నరా అమ్మా?" అని పలకరిస్తే ఆ రోజుకు నేను ఎవరితోనైనా మాట్లాడేది అప్పుడే. ఒక్కోసారి ఆ ఒక్క మాట కోసమే జెట్టీ మీద బట్టలు ఆరేస్తూ ఆలస్యం చేసేదాన్ని.

పోటీలు దగ్గర పడేసరికి కట్టడాలు పూర్తయ్యాయి. యంత్రాలు వెళ్ళిపోయాయి, బస్సులు రావడం మానేశాయి. కొత్త రోడ్డు వెంట ఖర్జూరపు చెట్లు నాటారు. వాచ్‌మన్‌కు వేరేచోట డ్యూటీ వేశారు. వెళ్ళేముందు వచ్చి చెప్పి వెళ్ళాడు. అతని స్థానంలో వచ్చిన మనిషి తల ఊపేవాడు, అంతే. పగలంతా పడవ తాళ్ళు తెరచాప స్తంభానికి కొట్టుకునే టకటక తప్ప ఇంకేమీ వినపడేది కాదు. రేడియో పెట్టుకుని, అర్థంకాని అరబ్బీ వార్తలు వింటూ కూర్చునేదాన్ని.

మావారు రిగ్గు నుంచి వచ్చి, టీ కప్పుతో పడవ పైన కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూడు. మంచి చోటు చూశావు."

"నేను ఇక్కడ ఉండలేనండీ," అన్నాను.

"భయమేస్తోందా?"

"భయం కాదు. మీరు వెళ్ళాక వారం రోజులైనా నా గొంతు నాకే వినపడదు."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. రిగ్గు మీద ఆ యంత్రాల హోరులో, అంతమంది మధ్య నెల గడిపి, ఈ నిశ్శబ్దం కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చే మనిషి. నాకూ అదే ఇష్టమనుకున్నారు.

"ముందే చెప్పొద్దూ," అన్నారు. అందులో కోపం లేదు.

పడవ అమ్మేద్దామని ఆయనే అన్నారు. నేనే వద్దన్నాను. అల్ తుమామాలో ఒక హైదరాబాదీ కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాను. ఆ ఇంటావిడ వంటింట్లో ఉర్దూ, తెలుగు కలిపి పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉండేది. మొదటి రోజు ఆ మాటలు వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఏడుపొచ్చింది. ఆవిడ ఏమీ అడక్కుండా టీ పెట్టి ఇచ్చింది.

సెలవు నెలల్లో ఆయన ముందు నా గదికే వచ్చేవారు. రెండు మూడు రోజులు ఆ ఇంటి సందడిలో ఓపిగ్గా కూర్చుని, తర్వాత పడవకు వెళ్ళేవారు. నేను వండి పట్టుకెళ్ళి, సాయంత్రం దాకా ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. చీకటి పడబోతుంటే "ఉండిపోరాదూ" అని ఆయన అనేవారు. కొన్నిసార్లు ఉండేదాన్ని, కొన్నిసార్లు కారు కోసం ఫోన్ చేసేదాన్ని.