కరుణమ్మ దవాఖానలో రెండు హెల్మెట్లు

మొయినాబాద్ రోడ్డు పక్క దుకాణంలో మనవరాలికి హెల్మెట్ కొనబోతే, కొత్త అస్తరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. జిగురు, రెగ్జిను, లోపలి గుడ్డ కలిసిన వాసన. పిల్ల అప్పటికే కారు రేసుల వాళ్లు పెట్టుకునే దాని అచ్చులో చేసిన రకం ఒకటి ఎత్తి తలకు తగిలించుకుంది. కళ్ల దగ్గర సన్నటి సందు తప్ప ముఖమేమీ కనబడలేదు. "ఎట్లున్న అమ్మమ్మా?" అని అడిగింది. నాకు డాక్టర్ కరుణమ్మ గుర్తొచ్చింది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను చేవెళ్లలో ఆమె నడిపే చిన్న దవాఖానలో కొత్త నర్సును. కరుణమ్మది షాబాద్ వైపు క్రైస్తవ రైతు కుటుంబం. కొంగు నడుముకు దోపుకుని మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగేది. జనం మొదట నోరు వెళ్లబెట్టారు. జ్వరాలు తగ్గడం మొదలయ్యాక మూసుకున్నారు. ఆమె తమ్ముడు మద్రాసులో కార్ల పందేలు మానేశాక అక్కకు రెండు హెల్మెట్లు ఇచ్చాడు. ఒకటి మోటారు సైకిలుకు పనికొచ్చేది, రెండోది తను పందేలలో పెట్టుకున్నది. రెండూ మందుల గది గోడకు వేలాడేవి. వెనక కూర్చునే నాకు రెండోదే నచ్చింది. గడ్డం దాకా మూసి, బరువుగా, చూస్తేనే ధైర్యం వచ్చేలా ఉండేది.

"బరువున్నదని గదే మంచిదనుకుంటున్నవా?" అన్నది కరుణమ్మ. "కార్ల కూసున్నోని తల ఎటు పోతది? మల్ల మల్ల నెత్తి మీదుండే ఇనుప కమ్మీకే కొట్టుకుంటది. నిప్పంటుకుంటదని లోపల కాలని బట్ట గూడ కుట్టిన్రు. మనం రోడ్డు మీద పడుతం, జారుతం. పక్క నుంచి బర్రె వస్తే కనబడాలె, లారీ హారన్ ఇనబడాలె. దెబ్బ ఎటు నుంచి వస్తదో చూసి టోపీ పెట్టుకోవాలె, శాంతా." నేను బుద్ధిగా తలూపి మళ్లీ దాన్నే పెట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఒకనాడు ముడిమ్యాల నుంచి ఒక తండ్రి చిన్న కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. కంఠసర్పి. గొంతులో తెల్లటి పొర కట్టి పిల్లకు ఊపిరాడటం లేదు. దానికివ్వాల్సిన సీరం పట్నం నుంచి తేవాలి, బస్సులేమో బంద్. పిల్లను కాంపౌండరుకు అప్పగించి ఇద్దరం బండి మీద బయలుదేరాం. సీరం దొరికింది. మంచుముక్కలు పోసిన డబ్బాలో దాన్ని పెట్టి, ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

తిరుగు దారిలో మొయినాబాద్ దాటగానే రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఉన్నాయి. పక్క చేలోంచి ఉద్యమం కుర్రాళ్లు ఆగమని అరిచారట; నాకు వినబడనూ లేదు, కనబడనూ లేదు. కరుణమ్మ బండి ఆపాకే తెలిసింది. అంతలో ఒక రాయి వచ్చి నా హెల్మెట్‌కు ఠంగున తగిలింది. ఆ రోజుల్లో ఆ దారిలో తల మీద అలాంటి టోపీ కనబడితే పోలీసే. మామూలు మనుషులెవరు పెట్టుకున్నారు గనక?

కరుణమ్మ తన హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టింది. "నువ్వు గూడ తియ్," అన్నది.

"రాళ్లు పడుతుంటే తియ్యమంటరేందమ్మా!"

"గందుకే తియ్. మనమెవరో కనబడనీ."

డబ్బా పగిలితే ఆ పిల్ల బతకదన్న భయం, నా తల పగులుతుందన్న భయం, రెండూ ఒక్కసారే పట్టుకున్నాయి. డబ్బాను ఒక చేత్తో పొదివి, రెండో చేత్తో పట్టీ విప్పాను. నా జడ బయటపడగానే అరుపులు ఆగిపోయాయి. రాయి పట్టుకుని ముందు నిలబడ్డ కుర్రాడు, "అరే, మా అవ్వకు సూదేసిన డాక్టరమ్మ రా!" అన్నాడు.

"ముడిమ్యాల పిల్లకు ఊపిరాడుతలేదు బిడ్డా. జర తొవ్వియ్యిన్రి," అన్నది ఆమె. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. కుర్రాళ్లు గబగబా రాళ్లు పక్కకు జరిపారు. "ముంగట ఇంకో అడ్డం ఉన్నది. టోపీలు పెట్టుకోకున్రి అమ్మా," అని ఆ కుర్రాడే చెప్పాడు. చేవెళ్ల దాకా ఉత్త తలలతోనే వచ్చాం. సీరం సమయానికి అందింది, పిల్ల బతికింది.

తర్వాత ఎన్నో దవాఖానల్లో పనిచేశాను. ముఖానికి గుడ్డ కట్టుకునే ముందు ప్రతి రోగికీ నా ముఖం చూపించి, పేరు చెప్పేదాన్ని. "శాంతక్క దర్శనమిస్తున్నది," అని తోటివాళ్లు నవ్వేవారు. నవ్వుకోనీ. కరుణమ్మ పోయి చాలా ఏళ్లయినా, ఆమె మీద ప్రేమ నాకు కాస్తయినా తగ్గలేదు.

మనవరాలికి వెడల్పు అద్దమున్న మోటారు సైకిలు హెల్మెట్ ఇప్పించి, పక్కకు జరిగి నిలబడ్డాను. "నేను కనబడుతున్ననా?"

"కనబడుతున్నవ్ అమ్మమ్మా."

"తొవ్వల ఎవరన్న ఆపితే?"

పిల్ల చిన్నప్పటి నుంచి ఈ కథ వింటున్నదే. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, చెదిరిన జుట్టుతో నా ముఖంలోకి చూసి నవ్వింది.