ప్రవీణ అడిగిన శకునం

పోయిన వినాయక చవితికి మా అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు లక్ష్మీనారాయణ నోరు మూయించింది నాలుగో అంతస్తు ప్రవీణ. "అంత పెద్ద చెవులున్న దేవుడికి మైకెందుకండీ? మా అమ్మాయి చదువుకోవాలి" అంది. జనం నవ్వేశారు. ఆయన మైకు తీయించాడు. పుప్పాలగూడలో మా పొలం మీద లేచిన అపార్టుమెంటు ఇది. ఇందులో నన్ను మించిన నోరు ఒకటుందని ఆ రోజే ఒప్పుకున్నాను.

ప్రవీణది కాకినాడ. కంప్యూటరు ఆఫీసులో పెద్ద ఉద్యోగం. చిన్నప్పుడు ఆమె ఏ తరగతో కూడా వాళ్ల నాన్న ఎన్నడూ అడగలేదట. తన కూతురు రసజ్ఞకు ఆ లోటు రాకూడదని తిండి, నిద్ర, చదువు అన్నీ తానే చూస్తుంది. ఇంటర్ పిల్లలకు కాలేజీవాళ్లు వారం వారం పరీక్ష పెట్టి, మార్కులు తల్లి ఫోనుకే పంపుతారు. ప్రవీణ తిట్టదు, కొట్టదు. మార్కులు తగ్గితే తాను అన్నం మానేస్తుంది.

నేను పెనిమిటి ఉన్న పెద్దముత్తైదువను కాబట్టి, రసజ్ఞ పరీక్షకు వెళ్లేటప్పుడు ఎదురొస్తే మంచిదని ఒకసారి నన్ను పిలిచింది. ఆ వారం పిల్లకు మంచి మార్కులొచ్చాయి. ఇక ప్రతి పరీక్షకూ నేను లిఫ్టు ముందుకు రావాల్సిందే. నాకూ గొప్పగానే ఉండి, మంచి చీర కట్టుకుని వెళ్లేదాన్ని.

ఈమధ్య ఒకరోజు కూరగాయలకని దిగుతుంటే లిఫ్టులో రసజ్ఞ కనిపించింది. నన్ను చూడగానే దాని ముఖం పాలిపోయింది.

"అమ్మమ్మా, ఇవాళ పరీక్ష లేదు కదా?" అని అడుగుతూనే వాంతి చేసుకుంది.

ఆ సాయంత్రమే ప్రవీణతో చెప్పాను. "నన్ను జూస్తేనే పిల్లకు కడుపుల తిప్పుతుంది. ఇగ నేను రాను. నువ్వు గూడ దాన్ని జర ఇడిసిపెట్టు బిడ్డా."

"ఎలా వదిలేయమంటారండీ? మా నాన్నలాగానా?"

"మరి నువ్వు తినకుంటే అదెట్ల తింటది?"

"కావాలని మానేస్తున్నానా బుచ్చమ్మగారూ? ముద్ద దిగదండీ."

సంఘాన్ని గెలిచిన ఆడమనిషి ఆ మాట వినపడీ వినపడనట్టు అంది.

నిన్న మళ్లీ తలుపు కొట్టింది. తెల్లవారితే రసజ్ఞకు ఎంట్రన్స్ పరీక్ష.

"మీరు రావాలండీ. కానీ అది మిమ్మల్ని చూడకూడదు. కారు గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ గది పక్కనుంచి ఎదురు రండి. అప్పుడు దాన్ని ఫార్ములాలు చూసుకోమంటాను, తలెత్తదు."