మావోడు పడింది ఒకసారే

తిరుపతిలో ఓ టీవీ చానల్లో నేను ఎడిటింగ్‌లో చేరిన కొత్త. ఏళ్ల తరబడి క్రికెట్ ప్రసారాల పని చూసుకున్న మా సారు అప్పుడే వార్తల విభాగానికి హెడ్‌గా వచ్చారు. పాకాల దగ్గర ఓ కుర్రాడు బైకు మీంచి పడిన సీసీ కెమెరా దృశ్యం దొరికితే, వికెట్ పడినట్టు "ఇంకోసారి, స్లోమోషన్‌లో!" అంటూ పొద్దున్నుంచీ వేయిస్తూనే ఉన్నారు.

ఫోన్ మోగింది. సారే స్పీకర్ నొక్కారు.

"ఆ పిల్లోడి అమ్మను నాయనా. మావోడు పడింది ఒకసారే. మీరు ఎన్నిసార్లు పడేస్తా ఉండారు?"

సారు ఆపమని చెయ్యెత్తారు. నేను బటన్ నొక్కేసరికి ఆలస్యమైంది. తెరమీద కుర్రాడు ఇంకోసారి పడ్డాడు.

"బిడ్డ ఎట్లుండాడమ్మా?" సారు ఫోన్ మీదికి వంగి అడిగారు.

"ఇప్పుడే కండ్లు తెరిచినాడు."

ఇప్పటికీ ఏ ప్రమాద దృశ్యం చేతికొచ్చినా నాకు ముందు ఆ తల్లి గొంతే వినిపిస్తుంది. ఆ కుర్రాడు కళ్లు తెరిచిన వార్తను మాత్రం సారు ఆరోజు విసుగు లేకుండా మళ్లీ మళ్లీ వేయించారు.