ఈకకీ పుర్రెకీ మధ్య

మా అత్తయ్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. కారు నడపడం మాత్రం రాదు. ఈ సంగతి విన్నవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత దీపం కిందే చీకటని ఒక సామెత పడేస్తారు. ఆ సామెత విని విని విసుగొచ్చి, ఈమధ్య వాళ్లకంటే ముందు అత్తయ్యే చెప్పేయడం మొదలుపెట్టింది.

స్కూలంటే పెద్ద భవనమేమీ కాదు. ఇంటి ముందుగదే ఆఫీసు. గోడకి రోడ్డు గుర్తుల పటం, మూలన అరిగిపోయిన టైర్ల మీద చెక్క వేసి చేసిన బెంచీ, కిటికీ పక్కన బల్ల, దాని మీద ఫోనూ కంప్యూటరూ. అత్తయ్య ఆ బల్ల దగ్గర కూర్చుని ఎవరి పాఠం ఎప్పుడో చెబుతుంది, రానివాళ్లని కసురుతుంది, వచ్చి వణుకుతున్నవాళ్లకి ధైర్యం చెబుతుంది. పాఠం చెప్పేది మావయ్య. ఉన్నది ఒకే కారు. అందరి కార్లలో లేనిది అందులో ఒకటుంది. డ్రైవరు పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే మావయ్య అక్కణ్నుంచే కారు ఆపుతాడు.

ఏళ్ల తరబడి ఆ బ్రేకు తొక్కీ తొక్కీ మావయ్య కుడికాలికి అదే అలవాటైపోయింది. బస్సులో కూర్చున్నా, మంగలి కుర్చీలో కూర్చున్నా, టీవీలో కార్లు గుద్దుకుంటున్నా ఆ కాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. చెప్పుల్లో ఎప్పుడూ కుడిదే ముందు అరుగుతుంది. "ఒంటి చెప్పు అమ్మే కొట్టు ఎక్కడైనా ఉంటే చెప్పవే, మీ మావయ్యకి కొనాలి" అని అత్తయ్య ఏడిపిస్తుంది. ఎంత మెత్తటి కాలంటే, మావయ్య తొక్కినా నేర్చుకునేవాళ్లకి తెలియదు, తామే ఆపామనుకుంటారు. ఆ మెత్తదనం గురించి ఆయనకి లోలోపల చాలా గర్వం.

నేను వాళ్ల మేడ మీద గదిలో ఉంటాను. అత్తయ్య మా నాన్నకి చెల్లెలు. కంప్యూటర్లు బాగుచేయడం నా పని కాబట్టి ఆ బల్ల మీది కంప్యూటరు బాధ్యత నాదే. అత్తయ్య రెండోసారి డ్రైవింగ్ పరీక్ష తప్పి వచ్చినరోజున ఏం చేసినా ఆవిడ మొహం విప్పారలేదు. రెండుసార్లూ ఒకే తప్పు. కూడలి దగ్గర తెల్లగీత ముందు ఆగాలి. కారు గీత దాటి పోయింది.

"అంతా బాగానే నడిపానే. గీత దగ్గరికొచ్చేసరికి కారు ఆగలేదు" అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

ఆవిడ నవ్వలేదు. "మీ పెద్దత్త ఇంటికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. ఒక్కసారి నేనే కారు తీసుకుని, పక్క సీట్లో మనిషి కాకుండా నా చేతిసంచి పెట్టుకుని వెళ్లాలే. అంతకంటే కోరికేం లేదు. ఇంకోసారి పరీక్షకి వెళ్తాను. అదీ పోతే ఇక జన్మలో స్టీరింగు ముట్టను" అంది. అన్నదంటే చేస్తుంది. నాకు భయం వేసింది.

మనసు మళ్లించడానికి ఆ కంప్యూటర్లో ఒక రాజ్యం ఆట పెట్టిచ్చాను. అందులో అత్తయ్య రాణి. పొలాలు దున్నించాలి, ధాన్యపు కొట్లు కట్టించాలి, మరుగుజ్జు కమ్మరులతో కత్తులు చేయించాలి, మంత్రగాళ్లని పోషించాలి. కొండ మీద నిప్పులు కక్కే డ్రాగన్ ఒకటుంటుంది. అది దిగొచ్చేలోగా కోట లేవాలి. ఆట మొదట్లోనే ఏ స్థాయిలో ఆడతావని అడుగుతుంది. నాలుగు బొమ్మలుంటాయి. ఈక అంటే సులువు, డాలంటే మామూలు, కత్తంటే కష్టం. పుర్రె అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇద్దరం కలిసి డాలు మీద నొక్కాం.

మొదట్లో డ్రాగన్ వచ్చి ధాన్యపు కొట్టు తగలబెట్టినప్పుడల్లా అత్తయ్య మోగే ఫోను మీద విరుచుకుపడేది. తర్వాత ఉన్నట్టుండి గెలవడం మొదలుపెట్టింది. ఒకటి కాదు రెండు కాదు, వరసగా. డ్రాగన్ వచ్చేది, పొలం మీద ఒక చుట్టు తిరిగేది, తోక ముడుచుకుని వెళ్లిపోయేది. అత్తయ్య కుర్చీలో కూర్చునే తీరే మారిపోయింది. "రాణీగారి కొలువులో టీ ఏమన్నా దొరుకుతుందా?" అని మావయ్య గుమ్మంలోంచి అడిగితే, "ముందు కప్పం కట్టండి" అనేది. ఇల్లంతా సందడిగా ఉండేది.

ఒకరోజు పాఠానికి ముందే వచ్చిన బ్యాంకు గుమాస్తా టైర్ల బెంచీ మీద కూర్చుని తెరవైపు తొంగిచూశాడు.

"ఈక మీద ఆడుతున్నారా మేడం? మా మేనకోడలూ ఈకే ఆడుతుంది. దానికి ఆరేళ్లు."

"ఈకేంటి బాబూ, నాది డాలు" అంది అత్తయ్య.

"మూలన చూడండి. కిరీటం పక్కన."

చూసింది. కిరీటం పక్కన బుల్లి ఈక ఉంది. "ఇది కిరీటానికి అలంకారం అనుకున్నానే!" అని నావైపు తిరిగింది. నేను కాదని ఒట్టు వేశాను. అప్పుడే మావయ్య కారు ఆపి, తాళంచెవి తిప్పుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమండీ, నా రాజ్యంలో వేలు పెట్టింది మీరేనా?"

తాళంచెవి తిరగడం ఆగింది. మావయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చివరికి, "ఒక్క నొక్కు నొక్కాను, అంతే. ఓడినరోజున నువ్వు ఫోన్లో అందర్నీ కసురుతున్నావు. ఒకాయన మేడం కోపం తగ్గాక వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు" అన్నాడు.

"డ్రాగన్ నన్ను చూసి జడుసుకుని పోతోందనుకున్నానండీ నేను! మునగచెట్టెక్కించి కింద నిలబడి చోద్యం చూస్తున్నారన్నమాట."

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. అత్తయ్యా నవ్వబోయింది గానీ, మధ్యలో ఏదో తట్టినట్టు ఆగిపోయింది.

"ఆగండి. కారులో కూడా ఇంతేనా?"

మావయ్య నీళ్లు నమిలాడు. "అప్పుడప్పుడూ..."

"గీత దగ్గర?"

"గీత దగ్గర... ప్రతిసారీ."

అత్తయ్య ఎన్ని నెలలు నేర్చుకుందో అన్ని నెలలూ గీత దగ్గర కారు ఆపింది మావయ్య కాలు. పాపం ఆవిడ తన కాలే ఆపిందనుకుంది. పరీక్షరోజున అదే సీట్లో కూర్చున్న అధికారి కాలు కదపలేదు, కారు గీత దాటింది. నేను వెక్కిరించిన మద్దెల నిజంగానే ఓడు.

"అందరికీ ఇలాగే చేస్తారా?" అంది అత్తయ్య.

"అందరికీ మొదట్లో తొక్కుతాను. మెల్లగా తగ్గిస్తాను. చివర్లో కాలు తీసేస్తాను. నీ దగ్గరే తీయలేకపోయాను. వాళ్లకేమన్నా అయితే స్కూలుకి చెడ్డపేరొస్తుంది. నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

ఆ మాటకి నా కోపం కరిగిపోయింది. అత్తయ్యది కరగలేదు. ఆ తర్వాత మావయ్య ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మాటలన్నీ నా ద్వారానే. "మీ మావయ్యకి చెప్పు, పాఠానికి నర్సమ్మ వచ్చి కూర్చుందని." "మీ మావయ్యని అడుగు, టీ తాగుతారేమోనని." మావయ్య తాగుతానని నాకు చెప్పేవాడు. మధ్యలో నేను తపాలా బంట్రోతునయ్యాను.

ఆ పౌరుషంలో అత్తయ్య ఆటని నేరుగా పుర్రె మీద పెట్టింది. వద్దన్నాను, నేల విడిచి సాము చేయొద్దన్నాను. వింటేనా? ధాన్యపు కొట్టుకి గోడలు లేవకముందే డ్రాగన్ పెళ్లాంపిల్లలతో సహా దిగిపోయి అంతా బూడిద చేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ బూడిద. ఈసారి మంత్రగాళ్లని ముందు పిలిచింది. మంత్రగాళ్లతో సహా బూడిద. చూసి చూసి నాకే ఏడుపొచ్చింది. ఇలా ఓడుతూ పోతే పరీక్షకి కూడా వెళ్లనంటుందేమోనని నా గుండెల్లో రాయి పడింది.

ఒక మధ్యాహ్నం నన్ను మేడ మీంచి పిలిచింది. ఆవిడ మొహంలో కోపం లేదు.

"ఈకలో గెలిచాను గానీ ఎందుకు గెలిచానో తెలీదు. పుర్రెలో ఓడాను గానీ ఎందుకు ఓడానో తెలీదు. రెండూ ఒకటేనే. ఓడితే ఎందుకు ఓడానో నాకు అర్థమయ్యేలా ఓడాలి. అది ఏ బొమ్మలో ఉందో అందులో పెట్టు."

కంప్యూటర్లు బాగుచేయించుకునేవాళ్లు నన్ను రకరకాలవి అడిగారు. తెలిసేలా ఓడిపోవాలని అడిగిన మనిషి మా అత్తయ్య ఒక్కతే. డాలు మీద పెట్టాను. వెంటనే ఓడింది. "వంతెన దగ్గర కాపలా పెట్టలేదు" అంది. మళ్లీ ఓడింది. "గుర్రాలు ఎక్కువ కొన్నాను, గడ్డి చాల్లేదు" అంది. ఓడిన మనిషి మొహంలా లేదది, లెక్క దొరికిన మనిషి మొహంలా ఉంది. ఆ తర్వాత ఒకసారి కోట ఒక పక్క కూలి, కొట్టు సగం కాలి, మిగిలిన గుప్పెడుమంది విలుకాళ్లతో డ్రాగన్‌ని కొండ మీదకి తరిమింది. మోగుతున్న ఫోను అలా మోగుతుండగానే, ఆ యుద్ధమంతా నాకు ఒక్క గుక్కలో చెప్పింది. ఈకలో గెలిచిన యుద్ధం ఒక్కటీ ఆవిడ ఇలా చెప్పలేదు. చెప్పడానికి వాటిలో ఏమీ లేదు.

చెప్పడం అయ్యాక లేచి, చీర కొంగు దోపుకుని, బయట కారు అద్దం తుడుస్తున్న మావయ్య దగ్గరికి వెళ్లింది. మధ్యలో నేను లేకుండానే మాట్లాడింది.

"రేపట్నుంచి నాకు మళ్లీ పాఠం చెప్పండి. డాలు మీద చెప్పండి."

మావయ్య అయోమయంగా నావైపు చూశాడు. "ఖాళీ మైదానమూ వద్దు, లారీల రోడ్డూ వద్దు మావయ్యా. మార్కెట్టు వెనకవీధి. నీ కాలు మాత్రం బ్రేకు మీద ఉండకూడదు" అన్నాను.

ఆయన సరేనన్నాడు. నిజాయితీగానే అన్నాడు. కానీ మర్నాడు మొదటి మలుపులోనే ఆ కాలు తన పని తను చేసేసింది.

"నేను తొక్కలేదు, అదే వెళ్లింది. అది నా మాట వినట్లేదే" అన్నాడు మావయ్య.

"అయితే మడిచి కూర్చోండి."

ఆ మర్నాటి నుంచి మార్కెట్టు వెనకవీధిలో కూరగాయలవాళ్లకి మంచి కాలక్షేపం దొరికింది. అత్తయ్య కారు నడుపుతుంటే, పక్క సీట్లో మావయ్య చెప్పులు వెనక సీట్లో విడిచేసి బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. వడ్డన కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఉండేవాడు. పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, కళ్లు సగం మూసుకునేవాడు. నేను వెనక సీట్లో ఆయన చెప్పుల పక్కన కూర్చునేదాన్ని.

మొదటిరోజు కారు మూర దూరం గీత దాటింది. సైకిలతను తిట్టాడు. "ఎదురుగా వచ్చే బండిని చూస్తూ గీతని మరిచిపోయాను" అంది అత్తయ్య. మరోరోజు గీత కనబడగానే మరీ ముందే తొక్కింది, నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. "ఇది పిరికితనం, నాకు తెలుసు" అంది. అలా తెలుసుకుంటూ తెలుసుకుంటూ నడిపింది. ఒకరోజు గీత దగ్గర కారు ఎంత మెత్తగా ఆగిందంటే, మావయ్య కళ్లు తెరిచి, తన కాలు ఇంకా మడిచే ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు.

పరీక్షరోజున మమ్మల్నిద్దర్నీ రావద్దంది. సాయంత్రం ముందుగది గుమ్మంలో నిలబడి, "గీత దగ్గర ఆపాను" అంది. అంతే. మావయ్య లేచి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయాడు. చాలాసేపు టీ రాలేదు. వచ్చినప్పుడు ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేం చూడనట్టు నటించాం.

స్కూలుకి సెలవు దొరికిన రోజున అత్తయ్య పెద్దత్త ఇంటికి బయల్దేరింది. చేతిసంచిని పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి బెల్టు కూడా పెట్టింది. మావయ్య గేటు దగ్గర నిలబడి, "అద్దం చూసుకో, గేరు తొందరపడి మార్చకు, వంతెన దగ్గర..." అని మొదలుపెట్టాడు.

"వంతెన దగ్గర కాపలా పెట్టాన్లెండి" అని అత్తయ్య కారు కదిలించింది.

మా వీధి చివర్లో కూడా ఒక తెల్లగీత ఉంది. కారు దానివైపు వెళుతుంటే నేను కిందకి చూశాను. ఆయన కుడికాలు మట్టిలో మెల్లగా, మెత్తగా దిగబడుతోంది. వీధి చివర కారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి. కారు గీత ముందు సరిగ్గా ఆగింది. అత్తయ్య తల అటూ ఇటూ తిరిగింది. కారు మలుపు తిరిగి కనుమరుగైపోయింది.

"ఆపింది నువ్వు కాదులే మావయ్యా" అన్నాను.

"తెలుసులేవే" అన్నాడు. కాలు మాత్రం ఇంకా మట్టిలోంచి తీయలేదు.