పోట్లాటకి ఒక మిషను కావాలి

ఎవరు ఏమన్నా మా పెదనాన్న సర్దుకుపోతాడు. బట్టతల అన్నా, చాదస్తం అన్నా నవ్వి ఊరుకుంటాడు. "వారంటీ అయిపోయింది" అన్న మాట మాత్రం ఆయన చెవిన పడకూడదు. పడిందంటే ఇక కూర్చోడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతూనే ఉంటాడు. చెప్పులు తొడుక్కుని మరీ తిరుగుతున్నాడంటే ఆ రోజు ఏదో ఒక సర్వీస్ సెంటర్ మేనేజరుకి మూడిందన్నమాటే.

ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుగా చేశాడాయన. అక్కడ బండికి ఏ భాగం బిగించినా దానిమీద ఆనాటి తేదీ తెల్లరంగుతో రాసేవారట. ఎప్పుడు బిగించారో, ఎన్నాళ్ళు పనిచేసిందో తేలిపోవాలి. రిటైరయినా ఆ అలవాటు పోలేదు. ఫ్రిజ్జు, టీవీ, ఇస్త్రీపెట్టె, కాలింగ్ బెల్లు, ఆఖరికి రిమోట్ వీపు మీద కూడా తేదీలే. నాకు ఉద్యోగం దొరికి వాళ్ళింట్లో దిగిన మొదటిరోజు పెద్దమ్మ ఇల్లంతా చూపించి, "ఆ బ్రష్షు తగలందాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. నిద్రలో నా వీపుమీద రాసేసి ఉంటే నాకు తెలీదు" అంది.

ఆయనతో షాపుకి వెళ్ళడం కంటే ఉపవాసం ఉండడం సులువు. ఒకసారి ఇస్త్రీపెట్టె కొనడానికి వెళ్ళాం.

"ఇది ఎన్నాళ్ళు బతకాలి?" అన్నాడు పెదనాన్న.

"ఏడాది వారంటీ సార్," అన్నాడు సేల్స్‌మన్.

"అది మీరు పూచీ పడే కాలం. నేనడిగింది అది ఎన్నాళ్ళు బతకాలని."

"జాగ్రత్తగా వాడుకుంటే ఐదారేళ్ళు ఢోకా లేదు సార్."

"ఆ ముక్క బిల్లు మీద రాసి సంతకం పెట్టు."

సేల్స్‌మన్ లోపలికి వెళ్ళి ఒక పెద్దమనిషిని తెచ్చాడు. పెద్దమనిషి యజమానికి ఫోన్ చేశాడు. యజమాని ఫోన్ పెట్టేశాడు. గంటన్నర తర్వాత సంతకం లేకుండానే ఇస్త్రీపెట్టె పట్టుకుని బయటపడ్డాం. దారిపొడుగునా ఆయన నాకు పాఠం చెబుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, వారంటీ అంటే కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట. గడువు తీరితే ఆ మాట తీరిపోతుంది, అంతే. సరుకు సరిగ్గా ఉండాలన్న బాధ్యత కూడా తీరిపోతుందా? పుట్టుకతోనే ఉన్న లోపం మూడో ఏట బయటపడితే అది కొన్నవాడి తప్పా?"

"కాదు పెదనాన్నా."

"మరి నువ్వెందుకు ఊరుకుంటున్నావు?"

మర్నాడు పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే కూడా వచ్చి ఇదే అడిగాడు. నోటినిండా నురగతో నేనేం చెప్పను.

మా పై వాటాలో ఒక నర్సమ్మ ఉండేది. ఆవిడ భర్త ఓడ మీద ఉద్యోగి, ఏడాదికి రెండు నెలలు కనిపించేవాడు. ఆవిడ ఆసుపత్రి పని, మంచం పట్టిన అత్తగారి సేవ, రెండూ ఒక్క చేతిమీద నడిపేది. అత్తగారికి రోజుకి మూడు నాలుగు దుప్పట్లు మార్చాలి. మహా మొహమాటస్తురాలు. మెట్ల మీద మనం ఆవిణ్ణి గుద్దుకున్నా ఆవిడే "సారీ అండీ" అంటుంది. ఎవరైనా సాయం చేస్తామంటే "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అంటూ తలుపేసుకుంటుంది.

ఒకరోజు ఆవిడ వాషింగ్ మిషను ఆగిపోయింది. కంపెనీ మెకానిక్కు వచ్చి చూసి, లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయిందన్నాడు. రెండేళ్ళ వారంటీ తీరి పందొమ్మిది రోజులయింది కాబట్టి కొత్తది కొనుక్కోవడమే మేలన్నాడు. ఆవిడ "అలాగేనండీ, మీకు శ్రమిచ్చాను" అంది. ఆ మాటలు మెట్ల కింద ఉన్న పెదనాన్న చెవిన పడ్డాయి. ఇంట్లోకొచ్చి చెప్పులు తొడుక్కుని తిరగడం మొదలెట్టాడు.

తిరిగి తిరిగి సాయంత్రానికి పైకి వెళ్ళాడు. తలుపు దగ్గర ఆయన మాటలు నేను విన్నాను.

"అమ్మా, నాదొక బలహీనత. మా ఇంట్లో ఏదీ పాడవడం లేదు. పోట్లాడ్డానికి సరుకు లేక చేతులు లాగేస్తున్నాయి. నీ చచ్చిన మిషను నాకిచ్చి నా మిషను నువ్వు పెట్టుకో. నా పోట్లాట అయ్యాక ఎవరిది వాళ్ళం తీసుకుందాం."

నర్సమ్మ జాలిపడింది. "మీకు అంత అవసరమైతే తీసుకోండి బాబాయిగారూ," అంది.

బంగారంలాంటి మా మిషను నేనూ పెదనాన్నా పైకి మోశాం. ఆవిడ చచ్చిన మిషను కిందకి దింపాం. పెద్దమ్మ మూడురోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడింది గానీ అది ఇక్కడ రాయదగ్గది కాదు. బట్టలు తానే ఉతుకుతానని ఆయన ఒప్పుకున్నాక ఇల్లు సర్దుమణిగింది. వారం తిరక్కుండా నా తెల్లచొక్కాలన్నీ లేతనీలంలోకి వచ్చాయి.

కాలిన బోర్డూ, మిషను బిల్లూ సంచిలో వేసుకుని పెదనాన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాడు. నన్నూ లాక్కెళ్ళాడు. అక్కడివాళ్ళకి ఆయన కొత్త కాదు. ఆయన చెప్పుల చప్పుడు వినగానే అక్కడ టీ టైమయిపోయేది. ఆ రోజు మేనేజరొక్కడే దొరికిపోయాడు.

"వాషింగ్ మిషను ఎన్నాళ్ళు బతకాలి?" మొదలెట్టాడు పెదనాన్న.

మేనేజరు బిల్లు చూసి చిరునవ్వు నవ్వాడు. "ఇది మీ పేరున లేదు కదండీ. కొన్నవాళ్ళు వచ్చి ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి."

పెదనాన్న బిల్లు వెనక్కి తీసుకుని చూశాడు. ఇంట్లో ప్రతి వస్తువు మీదా తేదీ రాసుకున్న మనిషి, బిల్లు మీద పేరు ఎవరిదో చూసుకోలేదు. తిరుగుదారిలో బస్సు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు.

ఆ తర్వాత నెలరోజులు ఆయన కాళ్ళకి విశ్రాంతి లేదు. వీధిలో ఇంటింటికీ వెళ్ళి "మీ మిషను ఏ మోడలు, ఎప్పుడు కొన్నారు, ఏం పోయింది?" అని ఆరా తీశాడు. రెండిళ్ళవాళ్ళు ఓట్ల కోసం వచ్చాడనుకున్నారు. ఒకావిడ సంబంధం చూడ్డానికి వచ్చాడనుకుని కాఫీ కూడా ఇచ్చింది. చివరికి అదే మోడలు మిషన్లు ఇంకో రెండు దొరికాయి. రెండూ మూడో ఏట పోయినవే. రెండిటి బోర్డులూ సరిగ్గా అదే మూల కాలాయి. బోర్డులు మూడూ వార్తాపత్రికలో చుట్టి, నర్సమ్మని బతిమాలి వెంటపెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు.

"వారంటీ అయిపోయిందమ్మా," అన్నాడు మేనేజరు ఆవిడతో.

"అవునండీ, తెలుసండీ, సారీ అండీ," అందావిడ.

పెదనాన్న తల పట్టుకున్నాడు. అంతా గంగపాలయిందనుకున్నాను. కానీ ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అంది.

"రెండేళ్ళు దాటితే ఇది కాలిపోతుందని అమ్మేటప్పుడు చెబితే నేను కొనేదాన్ని కాదండీ. మీరు చెప్పలేదు కదండీ. మూడిళ్ళలో ఒకే మూల కాలిందంటే మేం ముగ్గురం కూడబలుక్కుని కాల్చలేదు కదండీ. కాదంటే వినియోగదారుల ఫోరంలో కేసు వెయ్యాలంటున్నారు బాబాయిగారు. మీకు శ్రమ అవుతుందని నా బాధ."

మేనేజరు మూడు బోర్డులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఫోటోలు తీసుకుని ఎవరికో పంపాడు. పది రోజులకి కంపెనీవాళ్ళే వచ్చి మూడిళ్ళకీ కొత్త బోర్డులు ఉచితంగా బిగించి వెళ్ళారు.

ఆ సాయంత్రం పెదనాన్న బాత్రూంలో చివరి విడత బట్టలు పిండుతున్నాడు. ఆరువారాలుగా నన్ను తొలుస్తున్న సంగతి అడిగేశాను. "పెదనాన్నా, మిషను ఆవిడింట్లో ఉండగానే పోట్లాడొచ్చుగా. కిందకీ పైకీ మోయడం దేనికి?"

"మెల్లగా మాట్లాడరా. పోట్లాట తెమిలేదాకా ఆ పిల్ల అన్ని దుప్పట్లు చేత్తో ఉతుక్కోవాలా? ఊరికే వాడుకోమంటే పుచ్చుకునే మనిషా?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో బట్టల బుట్టతో పెద్దమ్మ. బుట్ట అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ క్షణాన మా పెదనాన్న మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. నీలం చొక్కాల సంగతి క్షమించేశాను.

ఎవరి మిషను వాళ్ళింటికి చేరిన మర్నాడు నర్సమ్మ కిందకొచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. అందరం హాల్లో ఫ్యాను కింద ఉన్నాం.

"బాబాయిగారూ, నా మిషను మీకు సరిపోయిందా?" అంది.

"దివ్యంగా సరిపోయిందమ్మా. నువ్వివ్వకపోతే ఏమైపోయేవాణ్ణో."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఒకరికి సాయపడ్డానన్న తృప్తి. కాస్త తటపటాయించి, "మళ్ళీ అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మా అత్తగారి గదిలో ఫ్యాను పొద్దున్న ఆగిపోయింది. దాని వారంటీ పోయిన నెలతో తీరిందండీ. మీకేమైనా పనికొస్తుందా?" అంది.

పెదనాన్న చివాలున లేచాడు. తల పైకెత్తి మా హాల్లో తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. తర్వాత పెద్దమ్మ వంక చూసి, ధైర్యం చాలక మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దమ్మ లేచి వెళ్ళి ఫ్యాను స్విచ్చి ఆపేసింది. చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగి, "నిచ్చెన ఎక్కడ పెట్టావురా?" అంది.